అనలాగ్ కంప్యూటర్‌లోని పాట్ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ పొటెన్షియోమీటర్ గారి సముఖమునకు ప్రయోగశాల అధ్యాపకుడు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమమే, ఈ మధ్యాహ్నం విద్యార్థుల ముందు పోయిన నా పరువు తప్ప.

డయల్ తిప్పినంత మేర వోల్టేజీలో భాగం తీసి ఇవ్వడం తమరి పని; అంకెల బదులు వోల్టేజీలతో లెక్కలు చేసే అనలాగ్ కంప్యూటర్ తమరి ఇల్లు. తమరి వంశం సామాన్యమైనది కాదు. 1953లోనే కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో సమరేంద్ర కుమార్ మిత్ర గారు పది చలరాశుల సమీకరణాలను సాధించే అనలాగ్ యంత్రాన్ని రూపొందించారు. ఆ గౌరవంతోనే తమ ఇంట్లోని మిగతావారి ఆగడాలను ఇన్నాళ్లూ భరించాను. భాగాలను కలిపే ప్యాచ్ తీగలు కదిపితే గానీ కలవవు. వచ్చే వోల్టేజీని కాలంతో పాటు కూడుకుంటూ పోయే ఇంటిగ్రేటర్‌ను హోల్డ్‌లో, అంటే ఉన్నచోటే ఆగమని, పెట్టినా దాని విలువ నిలవదు. ఓవర్‌లోడ్ దీపం తప్పు ఉందని మాత్రం చెప్పి, ఎక్కడుందో చెప్పదు, అచ్చం మా ఆడిట్ వారిలాగే.

కానీ తమరి డయల్ సంగతి వేరు. స్ప్రింగుకు వేలాడే బరువు ఊగే తీరును చూపిద్దామని రెండు ఇంటిగ్రేటర్లు, ప్లస్‌ను మైనస్‌గా మార్చే ఒక ఇన్వర్టర్ కలిపి, తమరిని 0.500 వద్ద నిలిపి, ఆ తీగను ఇంటిగ్రేటర్ పదింతల ఇన్‌పుట్‌లో (వచ్చినదాన్ని పదింతలు చేసేది) గుచ్చాము. సగానికి పదింతలు అయిదు కనుక, 2πని అయిదు వర్గమూలంతో భాగిస్తే, ఒక్కో ఊపుకు 2.81 సెకన్లు పట్టాలి. పట్టినవి 3.14. ముందు బెంచీ కుర్రవాడు "సార్, పై (π) వచ్చింది!" అని కేకవేసి, దాన్ని రికార్డు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాసుకున్నాడు.

వచ్చింది పై కాదు, తమరి నిర్వాకం. తమరి నిరోధం 10 కిలో ఓములు, పదింతల ఇన్‌పుట్ నిరోధమూ 10 కిలో ఓములే. అది తమరి నుంచి కరెంటు లాగుతుంది; ఆ భారం మీద పడగానే సగం కాస్తా 0.4కు దిగింది, అయిదు నాలుగైంది. అదే తీగను వచ్చినదాన్ని పెంచని ఒక్కింత ఇన్‌పుట్‌లో (నిరోధం 100 కిలో ఓములు) పెడితే 0.488 వస్తుంది. ఇంత జరుగుతున్నా డయల్ మీద ముల్లు వెంట్రుకవాసి కదలకుండా 0.500 అని చూపిస్తూనే ఉంటుంది. తీగ మార్చినప్పుడల్లా పాట్‌సెట్ అనే, పాట్ విలువ సరిచేసే స్థితిలోకి వెళ్లి, భారం తగిలించి, మీటరు చూస్తూ మళ్లీ తిప్పుకోవాలంటే, ఆ డయల్ మీద అన్ని గీతలు ఎవరిని మెప్పించడానికి? మూడు దశాంశ స్థానాల దాకా అబద్ధం చెప్పడానికి నీకు సిగ్గు లేదా?

సిమ్యులేటర్‌లో 0.5 అని రాస్తే అది చచ్చేదాకా 0.5గానే ఉంటుంది. అందుకే అందులో పాఠం నేర్చిన మా వాళ్లు ఏ సర్క్యూట్ గీసినా, ముందు దశను తర్వాతి దశ లాగేస్తుందన్న అనుమానమే లేకుండా రెండింటినీ అతికించేస్తారు. ఈ రోజు ఆ అనుమానం పుట్టించిన ఘనత నీదే, ఒప్పుకుంటాను. నా పరువు ఖర్చు మీద.

వచ్చే ప్రయోగానికి నీకూ ఇంటిగ్రేటర్‌కూ మధ్య 741 అనే ఆప్-ఆంప్ చిప్‌ను వోల్టేజ్ ఫాలోవర్‌గా, అంటే నీ మీద భారం పడకుండా నీ వోల్టేజీని ఉన్నదున్నట్టు అందించేలా, కూర్చోబెడుతున్నాను. వైరింగ్ చేసేది ఆ 'పై'ని కనిపెట్టిన కుర్రవాడే.

ఇట్లు,
తమ విధేయుడు కాని
ప్రయోగశాల అధ్యాపకుడు