మహారాజశ్రీ క్లౌడ్ బిల్లు గారికి

మహారాజశ్రీ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వారి అద్దె కంప్యూటర్ల సేవ) క్లౌడ్ బిల్లు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు నెలనెలా ఒళ్లు చేస్తున్నారని మాత్రం ఫైనాన్స్ వారు బెంగపెట్టుకున్నారు. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ రీజియన్ (డేటా సెంటర్ల కూటమి) తెరిచారు గనక ఇరుగుపొరుగు చనువుతో నాలుగు మాటలు.

మీరు దయచేయగానే మీటింగు పెడతారు. ఖర్చు 20 శాతం తగ్గాలని ఫైనాన్స్ పెద్ద సీఎఫ్ఓ గారి స్లైడు. ఈ ఏడాది అంతా ఏఐయేనని టెక్నాలజీ పెద్ద సీఐఓ గారి స్లైడు. రెండు స్లైడ్ల మధ్య నలిగి పోయేది శాండ్‌బాక్స్ అకౌంటు. కొత్తవి ప్రయత్నించి చూడమని ఇంజినీర్లకు ఇచ్చిన ఆ చిన్న ఖాతాకు ఎక్సెల్‌లో సొంత పేరుంది, సొంత లైనుంది. కత్తెరకు కనబడేది అదే. మీ ఒంట్లో అసలు కొవ్వుకు పేరూ లేదు, ఎవరిదో చెప్పే ట్యాగూ లేదు.

వారానికి 168 గంటలు. డెవ్, టెస్ట్ మెషీన్ల (సాఫ్ట్‌వేర్ రాసి పరీక్షించే అద్దె కంప్యూటర్లు) మీద మనుషులు పనిచేసేది రోజుకు 10 గంటల చొప్పున 50 గంటలు. మిగతా 118 గంటలూ అవి ఒంటరిగా మీ సేవలోనే ఉంటాయి. రాత్రి ఆపి పొద్దున లేపే షెడ్యూలు పెట్టడం పెద్ద పనేం కాదు. కానీ ఆ మెషీన్ ఎవరిదో తెలియదు, ఆపితే ఏది పడిపోతుందో అంతకంటే తెలియదు. పెట్టినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు.

ఎవరో తెగించి ఆపారే అనుకోండి. మెషీన్ ఆగుతుంది గానీ దానికి తగిలించిన ఈబీఎస్ డిస్కు అద్దె ఆగదు. ఆర్‌డీఎస్ డేటాబేస్‌కైతే మీ మీద భక్తి మరీ ఎక్కువ: ఆపిన ఏడు రోజులకు తనంతట తానే లేచి కూర్చుంటుంది. సంక్రాంతికి ఆపి ఊరెళ్లి, సెలవు పొడిగించుకుని వచ్చేసరికి అది డ్యూటీలో ఉంటుంది. మళ్లీ మళ్లీ ఆపే స్క్రిప్టు రాసుకోవాలి, లేదా స్నాప్‌షాట్ తీసి డేటాబేస్‌ను తీసేయాలి.

ఇక నాట్ గేట్‌వే, అంటే లోపలి సర్వర్లు బయటికి పోయే ద్వారం. ప్రైవేట్ సబ్‌నెట్‌లోని (బయటికి తెరవని లోపలి నెట్‌వర్క్) సర్వర్ అదే రీజియన్‌లో ఉన్న ఫైళ్ల గిడ్డంగి ఎస్3కి ఫైలు పంపినా, ఈ దారిన వెళ్తే గంటకింత, జీబీకింత. ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ (నేరుగా వెళ్లే అడ్డదారి) పెట్టి రూట్ టేబుల్‌కు (దారుల పట్టిక) కలిపితే ఆ ఫైళ్లకు జీబీ చార్జీ ఉండదు. క్లౌడ్‌వాచ్ లాగ్‌లకు (సర్వర్లు రాసుకునే దినచర్య) గడువు పెట్టకపోతే శాశ్వతంగా ఉంచడమే డిఫాల్టు. 30 రోజుల గడువు పెట్టి చాలామంది చేతులు దులుపుకుంటారు. అసలు ఖర్చు దాచడంలో కంటే లోపలికి తీసుకోవడంలో ఎక్కువ. ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే అసలు సిస్టం) ఎవరో మరిచిపోయిన డీబగ్ మోడ్ (ప్రతి చిన్న సంగతీ లాగ్‌లో రాసే తీరు) ఆపందే మీరు తగ్గరు. ఎస్3కి ముక్కలుగా ఎక్కిస్తూ సగంలో తెగిపోయిన మల్టీపార్ట్ అప్‌లోడ్లు మామూలు ఫైళ్ల జాబితాలో కనిపించవు, మీలో మాత్రం కనిపిస్తాయి. వాటికి ఏడు రోజులకు చెరిపేసే లైఫ్‌సైకిల్ రూలు చాలు. పాత రకం జీపీ2 డిస్కుల్ని కొత్త రకం జీపీ3కి మారిస్తే జీబీ ధర 20 శాతం వరకు తగ్గుతుంది, మెషీన్ ఆపనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 (ఇంటర్నెట్) అడ్రసుకూ గంటకు అర సెంటు వసూలు చేస్తున్నారు, అదీ లెక్కలో రాసుకున్నాం.

ఈ చిల్లరంతా ఏరకముందే మావాళ్లు మూడేళ్ల సేవింగ్స్ ప్లాన్ కొంటారు. 72 శాతం వరకు తగ్గింపు, అబద్ధం కాదు. కానీ గంటకింత అని ఒప్పుకున్న సొమ్ము వాడినా, వాడకపోయినా కట్టాల్సిందే. ఉబ్బి ఉన్నప్పుడు కొలత ఇచ్చి కొన్నది గనక ఆ వృథాకు మూడేళ్ల అగ్రిమెంటు కుదిరినట్టే. పైగా అంత పెద్ద తగ్గింపు ఒకే రీజియన్‌లో ఒకే ఇన్‌స్టెన్స్ (మెషీన్ రకం) ఫ్యామిలీకి కట్టుబడితేనే. తర్వాత ఏ ఇంజినీరో కొత్త తరం ప్రాసెసర్‌కు మారదామంటే, ముందు కొన్నది కరగనివ్వమంటారు. ముందు ఆపాల్సినవి ఆపి, సైజులు సరిచేసి, కొన్ని నెలలు గమనించి, ఎంత తగ్గినా అంతకు దిగువకు పోని వాడకం వరకే, అదీ ఒక ఏడాదికి కట్టుబడితే మీకు నష్టమని తెలుసు. క్షమించండి. టెస్టులు, బ్యాచ్ పనులు స్పాట్ మెషీన్లకు (మిగులుగా ఉన్నప్పుడు ఇచ్చేవి) పోవాలి: 90 శాతం వరకు చౌక, రెండు నిమిషాల నోటీసుతో లాగేసుకుంటారు కాబట్టి పని ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్యలో భద్రపరచాలి.

మధ్యలో ఎవరో ఒకరు జనం ఫైళ్లు దాచే కంపెనీ డ్రాప్‌బాక్స్ కథ ఎత్తుతారు. సొంత సర్వర్లకు మారి రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగిల్చిందని 2018 ఐపీఓ పత్రాల్లో ఉంది. నిజమే, వాళ్లు తరలించింది వందల పెటాబైట్లు (ఒక్కోటి వెయ్యి టెరాబైట్లు). మనకున్నది పదహారు టెరాబైట్లూ, ఇద్దరు అడ్మిన్లూ అయితే ర్యాకులు కొనే మాట ఎత్తకపోవడం మంచిది.

ప్రయోగాలూ పాపం లేనివేం కాదు. జీపీయూ (ఏఐకి వాడే చిప్) మెషీన్ మీద డెమో అవుతుంది, చప్పట్లు పడతాయి, ఆ తర్వాత అది ప్రొడక్షన్‌కూ పోదు, చావదు. ప్రతి పీఓసీకి (ప్రయోగ నమూనా) యజమాని పేరు, ముగింపు తేదీ ట్యాగులుగా ఉండాలి. ఏ అంకె సాధిస్తే కొనసాగుతుందో మొదటి రోజే రాయాలి. తేదీ దాటితే దాన్ని స్క్రిప్టే ఆపేయాలి. బడ్జెట్ అలారం ఒట్టి మెయిలే పంపుతుంది, యాక్షన్ తగిలిస్తే తప్ప దేన్నీ ఆపదు. ట్యాగులు కూడా బిల్లింగ్ కన్సోల్‌లో యాక్టివేట్ చేస్తేనే ఖర్చు రిపోర్టులోకి వస్తాయి. ఇది తెలియక ట్యాగులన్నీ పెట్టి ఖాళీ రిపోర్టు చూసి తిట్టుకునేవాళ్లు బోలెడంత మంది.

మిగిల్చిన సొమ్మంతా ఫైనాన్స్‌కు పోయి, వచ్చే ఏడాది బడ్జెట్ ఆ మేరకు కోసేస్తే ఏ ఇంజినీరు ఏ మెషీన్ ఆపుతాడు? కాబట్టి ఏ టీమ్ మీ ఒళ్లు తగ్గిస్తే అందులో సగం ఆ టీమ్ శాండ్‌బాక్స్‌కే జమ కావాలన్నది మా మనవి. మిగతా సగం సీఎఫ్ఓ గారి స్లైడుకు.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: మీరు రూపాయల్లో వచ్చినా మీ ధరలు డాలర్లలోనే. డాలరు పెరిగిన నెలలో ఎవరూ ఒక్క మెషీన్ పెట్టకుండానే మీరు పెరుగుతారు. ఆ నెల మీటింగులో ముద్దాయిలెవరో ముందే సెలవిస్తే, వాళ్లు సెలవు పెట్టుకుంటారు.