అరటిపండు వాసన గారికి ఒక విన్నపం

తేనెతుట్టె రక్షణశాఖకు అధిపతులైన అరటిపండు వాసన గారికి, హనుమకొండ వాస్తవ్యుడొకడు వీపు మీది పదకొండు పోట్ల సాక్షిగా రాసుకొను లేఖ.

కిందటి కార్తీకంలో మా ఇంటిల్లిపాదీ పాకాల చెరువు గట్టుకు వనభోజనాలకు వచ్చిన సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. పులిహోర ఇంకా విస్తళ్లలోకి రాకముందే, మెడ మీద వాలి కుట్టిన తేనెటీగను మా చిన్నాయన అరచేత్తో ఫట్టుమని కొట్టారు. ఈగ చచ్చింది కానీ, దాని ముల్లు విషపు తిత్తితో సహా ఆయన మెడలోనే నిలిచి, తమరిని గాలిలోకి వదిలింది. ఆ వెంటనే చెట్టు మీది తుట్టె తుట్టె అంతా దిగివచ్చింది. "పండ్లు మురిగిన వాసనొస్తున్నది, ఆ గంప అవతల పడెయ్యిండ్రి" అని మేనత్త అరవగా, రెండు డజన్ల అరటిపండ్లు చెరువు పాలయ్యాయి. వాసన చిన్నాయన మెడ నుంచి వస్తోందని ఎవరికీ తట్టలేదు.

తట్టకపోవడంలో వింత లేదు. ముల్లు వాసన తగిలితే ఈగలు రెచ్చిపోతాయని జెనీవాకు చెందిన అంధ పరిశోధకుడు హ్యూబర్ 1814లోనే రాసినా, ఆ వాసనలో ఉన్నది ఐసోఅమైల్ అసిటేట్ అని, అంటే తమరేనని, కెనడా శాస్త్రజ్ఞులు తేల్చేసరికి 1962 వచ్చింది.

తమ కొలువులో విచారణ అన్న మాటే లేదు. తమ ముద్ర పడిన చోటే మళ్లీ పొడవాలన్నది ఉత్తర్వు. దగ్గరలో చేతులు ఊపుతూ కదిలినవాడు, అంటే నేను, రెండో ముద్దాయి. పొడిచిన ఈగ ఎలాగూ బతకదు, కానీ అది విడిచిన ముల్లు మరికొన్నింటికి పిలుపవుతుంది. అప్పుడే పుట్టిన ఈగలో తమరు దాదాపు ఉండరనీ, కాపలా కాసే వయసు వచ్చేసరికి నిండుగా చేరతారనీ విన్నాను. మా ఊళ్లో ఉద్యోగాలు కూడా ఇంత వేళకు రావు.

చిట్టెలుకల దగ్గర తమ సాటి అధికారి ఇంకా ఘనుడు. వృషణాలు తీసేసిన మగ ఎలుక జోలికి తోటి మగవి పెద్దగా పోవు. దాని ఒంటికి మరో మగదాని మూత్రం పూస్తే మాత్రం మీదపడి కరుస్తాయి. ఆ మూత్రంలోని కొన్ని ప్రోటీన్లే తగవు రేపుతున్నాయని 2007లో తేలింది. ఒకడి వాసనకు ఇంకొకడు దెబ్బలు తినడమన్నమాట. నా వీపుకు ఇది కొత్త కాదు.

తమరు వెనక్కి తగ్గేది పొగ ముందే. తేనె తీసేవారు పెట్టే పొగకు ఈగల మీసాలు కొన్ని నిమిషాలు మొద్దుబారి, తమ పిలుపు వాటికి సరిగా అందదు. ఆ రోజు మా పొయ్యి నిండా పొగే ఉంది, కానీ దాన్ని వదిలేసి మేమందరం కారు వైపు పరుగెత్తాము.

కాబట్టి వచ్చే కార్తీకానికైనా చిన్నాయన మెడ మీది ఉత్తర్వును రద్దు చేయ ప్రార్థన. ఆ రోజు నుంచి ఆయన అరటిపండు ముట్టడం లేదు. మొన్న మనవడి పుట్టినరోజున మాత్రం బనానా ఎసెన్సు వేసిన కేకు రెండు ముక్కలు తిని, వాసన బాగుందన్నారు.

ఇట్లు,
రెండో ముద్దాయి