తూటా తగలకపోతే లెక్కలోకి రాడా?

ఏటా జులై 26న కార్గిల్ విజయాన్ని ఘనంగా తలచుకుంటాం. 1999 జూన్ 13న ద్రాస్ దగ్గరి తోలోలింగ్ శిఖరాన్ని రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్ చేజిక్కించుకుంది. అంతకుముందు వారాల తరబడి అదే వాలు మీద 18 గ్రెనేడియర్స్ అనే మరో బెటాలియన్ నెత్తురోడింది. మేజర్ రాజేశ్ అధికారి, లెఫ్టినెంట్ కల్నల్ ఆర్.విశ్వనాథన్ అక్కడే నేలకొరిగారు. తోలోలింగ్ గెలిచిన బెటాలియన్‌లోనే ఉన్న మన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య, జూన్ 28న మరో శిఖరంపై దాడిలో అసువులు బాశారు. ఆయన కూతురు పుట్టింది ఆ తర్వాతే.

దాడి కొన్ని గంటలే. మిగతా రోజుల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. సుమారు పదిహేను వేల అడుగుల ఎత్తు, చెట్టూ చేమా లేని వాలు, పైన శత్రువు. పగలంతా బండ చాటున నక్కి ఉండాలి, కదిలితే చీకట్లోనే. వీపు మీద మోయగలిగేది కొంతే కాబట్టి జవాన్లు తిండి తగ్గించుకుని తూటాలు పెట్టుకున్నారు. దాహమేస్తే మంచే దిక్కు. ఒకరు గాయపడితే దించడానికి కొందరు కావాలి, ఆ మేరకు పోరాడే చేతులు తగ్గిపోతాయి. అంత ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మంచుకు కాలివేళ్లు చచ్చుబడినా అవీ యుద్ధ గాయాలే.

కార్గిల్ అధికారిక లెక్కలో 527 మంది మృతులు, 1,363 మంది క్షతగాత్రులు. చనిపోయినవారి పేర్లు ద్రాస్ స్మారకం మీద ఉన్నాయి. గాయపడ్డవారు ఊళ్లకు వెళ్లి ఫైళ్లు పట్టుకుని తిరిగారు.

ఆ తర్వాతైనా మన వ్యవస్థ మారిందా? 2013లో నియంత్రణ రేఖ దగ్గర గడ్డకట్టే చలిలో గస్తీ కాస్తూ ఒక జవాను గుండె ఆగి చనిపోయాడు. మొదట యుద్ధ మరణమని రాసి, తర్వాత కాదన్నారు. భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ (యుద్ధ మరణాలకు మామూలు కన్నా ఎక్కువగా ఇచ్చే కుటుంబ పింఛను) ఇవ్వాలని సైనిక ట్రిబ్యునల్ చెప్పినా కేంద్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 డిసెంబరులో కోర్టు ఆ అప్పీలును కొట్టేసి, రూ.50 వేలు ఖర్చుల కింద ఆమెకు చెల్లించమంది. భర్తను సరిహద్దులో పోగొట్టుకున్న మనిషిని కోర్టు మెట్లెక్కించడం సిగ్గుచేటు.

ట్రిబ్యునల్ జవాను పక్షాన తీర్పిస్తే అప్పీలుకు వెళ్లడం మామూలు తంతు కాకూడదు. ఇలాంటి పెండింగ్ కేసులన్నిటినీ రక్షణ శాఖ వెంటనే సమీక్షించాలి. ఎత్తైన సరిహద్దుల్లో విధుల్లో ఉండగా చలికో, ఊపిరాడకో పోయిన ప్రతి ప్రాణాన్నీ యుద్ధ మరణంగానే పరిగణించాలి. అది కాదనేట్టయితే రుజువు చూపాల్సింది సైన్యమే, జవాను భార్య కాదు.