పునీతుడికి లౌడ్‌స్పీకరు

డాక్టర్ హోసే గ్రెగోరియో ఎర్నాండెస్ 1908లో వెనెజువెలా రాజధాని కారకస్ వదిలి ఇటలీలోని ఫర్నేతా మఠంలో చేరారు. కార్తూసియన్ సన్న్యాసుల మఠమది, మౌనమే అక్కడి నియమం. ఒంట్లో బాగోలేక నెలల్లోనే వెనక్కి రావలసి వచ్చింది. అంతటి మౌనప్రియుణ్ణి 2025 అక్టోబరు 19న పోప్ లియో పునీతుడిగా ప్రకటించారు. వెనెజువెలా ఆ గౌరవాన్ని డోళ్లతో, బాకాలతో, లౌడ్‌స్పీకర్లతో చెల్లించుకుంది. ఇంతకంటే సముచితమైన పద్ధతి నాకూ తోచడం లేదు.

భక్తుల ఊసు నేను ఎత్తను. పేదల వైద్యుడని తరతరాలుగా ఆయన పటం ముందు కొవ్వొత్తి వెలిగించినవాళ్లు వీధిలో పాడుకుంటారు, ఆడుకుంటారు. అది వాళ్ల హక్కు. నా భక్తిప్రపత్తులన్నీ అప్పటి అధ్యక్షుడు మదురో సర్కారు వారి పారవశ్యానికే అంకితం.

ఆ పారవశ్యం నడుమకు డాక్టరుగారే గోడమీది బొమ్మలోంచి దిగివచ్చారనుకుందాం. నల్ల సూటు, టోపీ, చేతులు వెనక్కి. 1919 జూన్ 29న ఓ పేద ముసలామెకు మందులు కొని, ఆగి ఉన్న ట్రామును దాటి వస్తూ కారు కింద పడ్డారు కదా, ఆ పని పూర్తి చేద్దామని వచ్చారు. కానీ రోడ్డు దాటడం ఎలా? కార్లు పట్టుమని లేని నగరంలోనే ఆయనకు అది చేతకాలేదు. ఇప్పుడు ఎదురుగా ఆయన వేషం కట్టినవాళ్ల పోటీ: అవే టోపీలు, అవే సూట్లు, అతికించిన మీసాలు, చిందులు. వేదికమీద వ్యాఖ్యాత ఆయన్ను ఆపి, పైనుంచి కిందికి చూసి, "పోలిక కుదరలేదండీ, మీసం బాగా లేదు" అని మూడో బహుమతి చేతిలో పెట్టాడు. (అదే రోజు పునీతురాలైన కార్మెన్ రెండీలెస్ ఎడమ చేయి లేకుండా పుట్టి, ఓ సన్న్యాసినుల సంఘాన్నే నిలబెట్టింది. టోపీ లేదు కనుక ఈ పోటీ బాధ ఆమెకు తప్పింది.) డాక్టరుగారు బహుమతి చంకన పెట్టుకుని ఆస్పత్రికి దారి అడిగారు. "ఆస్పత్రికా? సిరంజి తెచ్చుకున్నారా?"

ఇది మాత్రం నేను కల్పించింది కాదు. అక్కడి ప్రభుత్వాస్పత్రుల్లో గ్లౌజులు, సిరంజిలు, సెలైను, మందులు అన్నీ చీటీ రాసి రోగి బంధువుల చేతికిస్తారు. దొరికితే ఆపరేషను, లేకపోతే ఎదురుచూపు. జీతం చాలని డాక్టర్లు వేల సంఖ్యలో దేశం దాటిపోయారు. రోగికి మందు తన డబ్బుతో కొనిచ్చిన మనిషి పేరు మీద, రోగి చేత దూది కూడా కొనిపించే ప్రభుత్వం పండుగ చేసుకుంటుందా? సిగ్గుండాలి! ఆయన ధన్యుడు (పునీతుడికి ముందు మెట్టు) కావడానికి నిలిచిన అద్భుతమైనా ఎవరిది? 2017లో దొంగలు కాల్చిన గుండు తలకు తగిలిన ఓ చిన్నపిల్లది. పిల్లను కాపాడింది దేవుడే అనుకుందాం. దొంగల నుంచి కాపాడవలసింది ఎవరు?

వెనెజువెలా కార్డినల్ బల్తాసార్ పోరాస్ రోమ్‌లోనే నోరు విప్పారు. దేశ పరిస్థితి నైతికంగా ఆమోదించలేనిదన్నారు, రాజకీయ ఖైదీలను వదలమన్నారు. అక్టోబరు 25న కారకస్ స్టేడియంలో జరగవలసిన కృతజ్ఞతా పూజ మాత్రం రద్దయింది. వచ్చే జనానికి స్టేడియం చాలదని చర్చివారు చెప్పిన కారణం. ఖైదీలకు జైళ్లు చాలలేదన్న ఫిర్యాదు మాత్రం సర్కారు నుంచి అప్పుడు రాలేదు.