ఆగడం సంగతి తర్వాత చూసుకుందాం

పెరట్లో ఈతకొలను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక మేధావి పుడతాడు. మొదటి వేసవిలో అతనూ మామూలు మనిషే. అందరితో పాటు నీళ్లలో దిగుతాడు, తడుస్తాడు, ఒళ్లు తుడుచుకుని ఇంట్లోకి పోతాడు. రెండో వేసవికి అతని చూపు నీళ్లను వదిలి గోడ మీదకి, గోడ మీంచి షెడ్డు కప్పు మీదకి, అక్కణ్ణుంచి లోపల మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కల మీదకి పాకుతుంది. ఇంట్లో వాళ్లు గమనించాల్సిన మొదటి లక్షణం ఇదే. రెండోది, కొలత టేపు జేబులో వేసుకుని తిరగడం. మూడో లక్షణం బయటపడేసరికి బావమరిది కూడా వచ్చేసి ఉంటాడు.

ఈ వ్యాసం ఆ మేధావి పక్షాన రాస్తున్నది. కంపెనీ స్లయిడ్ కొని బిగించుకున్న వాణ్ణి లోకం పల్లెత్తు మాట అనదు. సొంత చేతులతో వాటర్ స్లయిడ్ కట్టుకునే వాణ్ణి మాత్రం భార్య మొదలుకొని ఇన్సూరెన్స్ ఏజెంటు దాకా అందరూ అనుమానంగానే చూస్తారు. ఈ వివక్ష ఎన్నాళ్లు?

నిజానికి అతని పోరాటం వీళ్లెవరితోనూ కాదు, గురుత్వాకర్షణతో. అంత మొండి అధికారి ఇంకెక్కడా దొరకదు. సిఫారసు చెల్లదు, బతిమాలినా కరగదు. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి రాపిడి లేకుండా జారిన ఏ మనిషైనా సరే, కిందికి చేరేసరికి సెకనుకు 7 మీటర్ల వేగంతో, అంటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. ఈ లెక్కలో బరువు ప్రసక్తే లేదు. పిల్లాడికీ తాతగారికీ అదే వేగం. 'పెద్దవాణ్ణి కదా, నెమ్మదిగా దిగుతాలే' అనుకునే హక్కు కూడా మనకి మిగల్లేదన్న మాట.

మన తరఫున నిలబడేది రాపిడి ఒక్కటే. అది ఆ వేగంలో కొంత తినేస్తుంది. కానీ మేధావి మొట్టమొదట యుద్ధం ప్రకటించేది దాని మీదే. ఎందుకంటే అతను పరిచిన టార్పాలిన్ మీద మొదటి మనిషి జారడు. కూర్చుంటాడు, అంతే. గార్డెన్ పైపులోంచి వచ్చే సన్నటి ధార పల్లం వెతుక్కుని ఒక వారగా పోతుంది. మిగతా భాగం ఎండకి కాగుతూ ఉంటుంది. సగం తడి ఒళ్లు పొడి ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది. జారుడుబల్ల మీద కూర్చుని చేతులతో నెట్టుకుంటూ, తొడలు మండుతుండగా, ఇంటిల్లిపాదీ చూస్తుండగా కిందికి చేరడం కంటే అవమానం లేదు. స్లయిడ్‌కి కావలసింది వెడల్పంతా పరుచుకునే నీటి పొర, అందుకు కొలను నీళ్లనే పైకి తోడే మోటారు. అదంతా ఎవరు చూస్తారు? వంటింట్లోంచి అంట్లు తోమే లిక్విడ్ వస్తుంది.

లిక్విడ్ పనిచేస్తుంది, కాదనను. అది మనిషితో పాటే కొలనులోకి దిగుతుంది, కొలను లోంచి పంపులోకి, పంపులోంచి మళ్లీ కొలనులోకి తిరుగుతుంది. సాయంత్రానికి నీళ్ల మీద మోకాలెత్తు నురగ. మేధావి దీన్ని 'అదనపు సౌకర్యం' అంటాడు. ఫిల్టర్ శుభ్రం చేయాల్సిన మనిషి దానికి ఏ పేరు పెట్టిందో ఇక్కడ రాయలేం.

నిర్మాణ కళ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. రెండు షీట్లు కలిసే చోట పై షీటు అంచు కింది షీటు మీదకి రావాలి, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు. అప్పుడు నీళ్లూ మనిషీ అతుకు దాటి సాఫీగా పోతారు. తిరగేసి పరిస్తే నీళ్లు అతుకు కిందికి దూరతాయి, మనిషి అతుకు దగ్గర ఆగుతాడు, లేదా అతని నిక్కరు ఆగుతుంది. స్క్రూ తలలు చెక్కలోకి దిగి ఉండాలి. అంచు గోడలు ఎత్తుగా ఉండాలి. వంపు తిప్పాలన్న కోరిక పుట్టిందా, అది ఇంకో లెక్క. సెకనుకు 6 మీటర్ల వేగంతో 2 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరిగితే, మనిషి బరువుకు దాదాపు రెండింతల బలం అతన్ని బయటి గోడ మీదకి తోస్తుంది. గోడ అరచేతి ఎత్తే ఉంటే అతను గులాబీ మొక్కల్లో తేలతాడు. ప్లైవుడ్ సంగతి సరేసరి. నెల రోజులు నానితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. అప్పుడు దాన్ని మోసే బాధ్యత పెయింటుది.

కానీ ఇవేవీ నిర్మాణ సంఘం సమావేశాల్లో చర్చకు రావు. అక్కడి చర్చ ఎప్పుడూ ఒక్కటే.

"బావా, ఇంకో అర మీటరు లేపుదామా?"

"లేపుదాంలే గానీ, అటు వైపు గోడ తగలదూ?"

"ఆగడం సంగతి తర్వాత చూసుకుందాం బావా. ముందు స్పీడు రానీ."

తాడెక్కే వాణ్ణి ఎంతవరకని ఎగదోస్తాం అన్న పెద్దలకి ఈ బావమరిది సంగతి తెలియదు. అతను ఎగదోయడు, తనే ముందు ఎక్కి చెయ్యందిస్తాడు.

సంఘం వాయిదా వేసిన ఆ చివరి అంశాన్ని ఒకసారి లెక్కేద్దాం. కొలను బిగించుకునే గుండ్రటి రకం, 3 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల లోతు నీళ్లు. ఆ నీళ్ల బరువే దాదాపు 5 టన్నులు. ఆ బరువును ఆపుతున్నది పల్చటి షీటు, నాలుగు ఇనుప గొట్టాలు. స్లయిడ్ కాళ్లు దానికి ఆనించాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే విరమించుకోండి. స్లయిడ్ అంచు నీళ్లకి అర మీటరు పైన ఉందనుకుందాం. సెకనుకు 7 మీటర్ల వేగంతో అంచు దాటిన మనిషి నీళ్లను తాకేలోపు ముందుకు 2.2 మీటర్లు పోతాడు. ఎదుటి గోడకి మిగిలింది 80 సెంటీమీటర్లు. కాళ్లు నడుముకంటే ముందుంటాయి, వాటి పొడవు అంతకంటే ఎక్కువే. మిగతా లెక్క మోకాళ్లు చేసుకుంటాయి. కాళ్లు ముందు పెట్టినవాడికి ఇదైతే, బోర్లా పడుకుని తల ముందు పెట్టి జారే వీరుడి గురించి నేను హాస్యం కూడా ఆడను.

ఈ ఆరంభశూరత్వం మన పెరటి మేధావులకే పరిమితమనుకుంటే పొరపాటు. అమెరికాలో న్యూజెర్సీలో యాక్షన్ పార్క్ అనే వినోద కేంద్రం ఉండేది. అక్కడివాళ్లు గొట్టపు స్లయిడ్ చివర నిలువుగా ఒక పూర్తి చుట్టు తిప్పారు, మనిషి తలకిందులై తిరిగి వచ్చేలా. 1985లో అది తెరిచింది నెల రోజులే. వేగం చాలనివాళ్లు ఆ చుట్టు ఎక్కలేక వెనక్కి జారి లోపలే చిక్కుకునేవారు. వాళ్లని బయటికి తీయడానికి గొట్టానికి ఒక తలుపు పెట్టాల్సి వచ్చింది. ఆగాల్సిన చోటు ఆలోచించకపోతే ఆగకూడని చోట ఆగుతామని నిరూపించిన ఆ సంస్థకి మన బావమరుదులు రుణపడి ఉండాలి.

మరీ నేల బారుగా ఉంటే భయం లేదుగా అంటారా? పచ్చిక మీద పొడవాటి ప్లాస్టిక్ పట్టీ పరిచి, నీళ్లు వదిలి, పరుగెత్తుకొచ్చి పడి జారే ఆట 1961లో స్లిప్ ఎన్ స్లయిడ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఎత్తు సున్నా. దాని మీద కూడా 1993లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ పెద్దలకీ టీనేజర్లకీ హెచ్చరిక జారీ చేసింది. పిల్లలకి సరిపోయిన ఆట మీద బరువూ ఎత్తూ ఉన్న పెద్దలు దూకితే, పట్టీ మీద ఠక్కున ఆగిపోయి మెడ దెబ్బతింటోంది. కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి కూడా. జారడం వల్ల కాదు, ఆగడం వల్ల.

కొలను స్లయిడ్లకి అదే కమిషన్ 1976లో భద్రతా ప్రమాణం కూడా తెచ్చింది. హెచ్చరిక బోర్డు పెట్టాలని, నిచ్చెనకి గొలుసు వేయాలని అందులో ఉంటే, ఒక స్లయిడ్ల కంపెనీ కోర్టుకెళ్లి 1978లో ఆ రెంటినీ కొట్టేయించింది. మన మేధావికి ఈ బాదరబందీ ఏమీ లేదు. కొట్టేయించడానికి అతని దగ్గర అసలు బోర్డే లేదు.

ఇంత వాదించాక సంఘానికి నేను నిర్మాణాత్మక ప్రతిపాదన ఒకటి సమర్పించాను. ఎత్తు మనిషి నడుము దాటకూడదు. చివరి మీటరు చదునుగా, నీళ్లకి జానెడు పైన ముగియాలి. దిగే చోట లోతుండాలి, ఎదురుగా గోడ ఉండకూడదు. ఒకరు పక్కకి తప్పుకున్నాకే ఇంకొకరు, అదీ కాళ్లు ముందు పెట్టి కూర్చుని జారాలి. సబ్బు వద్దు. సంఘం నా ప్రతిపాదనను శ్రద్ధగా విన్నది, ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. కారణం బావమరిదే చెప్పాడు, చాలా బాధగా: "అలా కడితే మరీ పిల్లలాట అయిపోదాండీ?"