మహారాజశ్రీ గట్టురాయి గారి సముఖానికి

అయ్యా,

కొండ కడుపున పుట్టి, క్వారీలో పెరిగి, లారీ ఎక్కి, సముద్రపు కోతకు అడ్డంగా గట్టై నిలవడానికి మా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డుకు వేంచేసిన తమకు నమస్కారాలు. మేమిక్కడ క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. తమరు క్షేమమేనా అని అడుగుదామంటే, వాయుగుండం వచ్చినప్పుడల్లా తమ బంధువర్గంలో కొందరు నీళ్లపాలవడం ఊరంతా చూస్తూనే ఉంది. తమలో ఎవరు పోయినా సంతాప సభ ఉండదు, కొత్త ఎస్టిమేటు ఉంటుంది. ఆ అదృష్టం మా ఇళ్లకు లేదు.

తమ పనితనం చూసి ముచ్చటపడనివాడు లేడు. అదే అల ఇసుక మీదికొస్తే పాకి పాకి, నురగై, ఓపిక చచ్చి వెనక్కి పోయేది. తమ ఛాతీకి తగిలేసరికి ఇంకా ఊపు మిగిలుండగానే వెనక్కి తిరిగి, పోతూ పోతూ తమ పాదాల కింది ఇసుకనే తోడుకుపోతుంది. ఇసుక పోయాక తమరు కుంగుతారు. తమరు కుంగాక మరో లారీ వస్తుంది. సముద్రానికి మేత, కాంట్రాక్టరుకు జీతం, తమకు జలసమాధి. ఇక గట్టు ఆగిపోయిన చోట కొత్త కోత మొదలు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో దానికి అడ్డం పడితే పై ఊరికి రావలసిన ఇసుక బాకీ పడుతుంది. ఆ బాకీ మీద వడ్డీ ఇళ్ల రూపంలో కట్టేది ఆ ఊరివాళ్లు.

తమకంటే ముందు జియోట్యూబు గారని ఒక నాజూకు చుట్టం వచ్చారు. 2010 ప్రాంతంలో గుడ్డ గొట్టాల్లో ఇసుక కూరి, పైన వలబుట్టల్లో రాళ్లు పేర్చి, ఇక సముద్రం పని అయిపోయిందన్నారు. చిరిగింది గుడ్డ.

నిజం చెప్పాలి. గోదావరి తెచ్చే ఒండ్రులో చాలా భాగం ఎగువ ఆనకట్టల వెనకే ఉండిపోతోంది, దానికి తమనేమంటాం? ఉప్పాడ నడిబొడ్డున మొక్క పాతుదామన్నా ఇసుకే మిగల్లేదు, అక్కడ తమరు లేకపోతే రోడ్డుండదు. ఆ ముక్కలో తమ ఉద్యోగానికి ఢోకా లేదు. మా భయమల్లా ఇంకా ఇసుక దిబ్బ మిగిలిన ఊళ్లకు కూడా తమ పేరే రాసిపెట్టి ఉంచడం గురించి.

ఆ దిబ్బల మీద ఎవరున్నారో తమరు చూసి ఉండరు, లారీలోంచి కనపడరు. బాలబంద తీగ ఉంటుంది: మేకగిట్ట ఆకు, ఊదారంగు పువ్వు, కణుపు కణుపుకీ వేరు. ఇసుక కప్పేస్తే పైకి లేచి మళ్లీ పాకుతుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు, పట్టుకుంటే గుచ్చుకునే గడ్డి. ఎండిన గింజల ముళ్లబంతి గాలికి దొర్లుకుంటూ పోతుంటే పిల్లలు వెనకబడి పరిగెడతారు. గాలి మోసుకొచ్చిన ఇసుకను ఆ గడ్డి పట్టుకుంటుంది, దిబ్బ ఎత్తవుతుంది. వెనక మొగలి పొద, ఆ వెనక కానుగ, తాడి. ఇంత కొలువు జీతం లేకుండా నడుస్తోంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా, అందుకే ఆ తీగను పీకి చదును చేసి సరుగుడు నాటిస్తారు.

సరుగుడు తమకు ఆకుపచ్చ తమ్ముడు. వరసగా నిలబడతాడు, లెక్కకు తేలిక, ఫొటోకు అందం. గాలిని కొంత ఆపుతాడు, కాదనం. కానీ కింద రాలిన ఆకు మెత్తలో గడ్డిపోచను మొలవనివ్వడు, దిబ్బ పాదాన్ని పట్టుకోవడం అతనికి రాదు. పైగా నాలుగైదేళ్లకు బాదులుగానో కాగితంగానో బదిలీ అయిపోతాడు.

చట్టం మా పక్షమేనట. ఇసుక దిబ్బ, మడ అడవి, తాబేలు గుడ్లు పెట్టే తీరం సీఆర్‌జెడ్–1ఏలో, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో గట్టి రక్షణ ఉన్న వర్గంలో ఉన్నాయి, కాగితం మీద పెద్దపీటే. 2011 నోటిఫికేషన్‌లో ఆ నిబంధనల అమలుకు కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ, అందులో మత్స్యకారులతో సహా తీరవాసులు కనీసం ముగ్గురు ఉండాలని రాశారు. ఆ ముగ్గురూ ఎవరని మా రేవులో అడిగితే మొహమొహాలు చూసుకున్నారు. తమరు ఎక్కడ దిగాలో తమరి క్వారీకి తెలుసు, మా గ్రామసభకు మాత్రం లారీ హారన్ వినపడ్డాకే తెలుస్తుంది. పున్నమి పోటు ఏ ఇంటి గడపదాకా వచ్చేదో, ఇప్పుడు ఎక్కడికొస్తోందో వల అల్లే ముసలాయన వేలుపెట్టి చూపిస్తాడు. ఆయన్ను కొలతకు పిలిచేవాళ్లు లేరు.

మాకు చేతకాదనుకుంటారేమో, కోరంగి మడ అడవుల వైపు ఓసారి వెళ్లి చూడండి. ఉప్పెక్కి చచ్చిన పర్ర నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పంపి, తెల్లమడ నాటిన ఊళ్లున్నాయి. తవ్వినవాళ్లూ, గేదెలను తోలినవాళ్లూ ఆ ఊరివాళ్లే. మడ మా ఇసుక తీరానికి పనికిరాదు, దాని చోటు దానిది. కాపలా పద్ధతి మాత్రం పనికొస్తుంది.

తమరికి కార్యాలయాల్లో పలుకుబడి ఉంది కాబట్టి ఈ ఎస్టిమేటు లోపలికి చేర్పించండి. బాలబంద తీగ ముక్కలు, ఊళ్లోవే, ధర లేదు. రవాణా, నెత్తిమీద బుట్ట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మనుషులు ఖాళీ, కూలి ఇస్తే ముళ్లకంచె కట్టి తొలకరికి నాటేస్తారు. మేకల కాపలాకు ఇద్దరు. దిబ్బ మీదికి ఇసుక లారీ వస్తే ఆపే అధికారం గ్రామసభకు, దీనికి ఒక సంతకం ఖర్చు. వెరసి మొత్తం ఎంత తేలినా, అందులో కమీషన్‌కు చోటు లేదు గనక ఫైలు ఎక్కడ ఆగుతుందో తమరే కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
తమ నీడన బతుకుతున్న
ఒక తీరవాసి