ఢిల్లీకో నీతి, మనకో నీతా?

నామినేటెడ్ పదవుల పందేరం మొదలైనప్పుడల్లా మార్కెట్ కమిటీలు, ఆలయ ట్రస్టు బోర్డులు, కార్పొరేషన్ల సరసన ఇప్పుడు యూనివర్సిటీ పాలకమండలి పేరు కూడా వినిపిస్తోంది. టికెట్ దక్కని నాయకుడికి ఏదో ఒకటి సర్దాలి. ఎన్నికల్లో చేతి డబ్బు ఖర్చుపెట్టుకున్నవారికి ఏదో ఒక హోదా ఇవ్వాలి. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ పట్టుకుని సచివాలయం చుట్టూ తిరిగేవారికి 'ఈసీ మెంబర్' (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, అంటే పాలకమండలి సభ్యుడు) అన్న మాట విజిటింగ్ కార్డు మీద బాగానే ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ఏలుబడిలోనైనా ఇదే వరస. దీన్ని మామూలు వ్యవహారంగా చూసి ఊరుకోవడం మా వల్ల కాదు. అధ్యాపకుల నియామకాలకు ఆమోదముద్ర వేసేది ఆ మండలి. బడ్జెట్ ఖరారు చేసేదీ, కాలేజీలకు అనుబంధ గుర్తింపుపై తుది మాట చెప్పేదీ, వందల ఎకరాల క్యాంపస్ భూములకు కాపలా ఉండాల్సిందీ అదే. ఆ కుర్చీలను పార్టీ ఆఫీసులో పంచిపెట్టడం పిల్లల చదువుతో ఆడుకోవడమే.

మాకు ఇంతకన్నా ఎక్కువ కోపం తెప్పిస్తున్నది ఇక్కడి ప్రభుత్వాల రెండు నాలుకల ధోరణి. 2025 జనవరిలో వర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ యూజీసీ కొత్త నిబంధనల ముసాయిదా విడుదల చేసింది. ఉపకులపతిని వెతికే కమిటీని గవర్నరే వేస్తారని, అందులో గవర్నర్ ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, యూనివర్సిటీ పాలకమండలి ప్రతినిధి ఉంటారని అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఊసే లేదు. తమిళనాడు, కేరళ, కర్ణాటక భగ్గుమన్నాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా గొంతు కలిపింది. రాష్ట్రాల హక్కులు, వర్సిటీల స్వయంప్రతిపత్తి, ఢిల్లీ పెత్తనం అంటూ మాటలు దంచారు. ఆ మాటల్లో న్యాయం ఉంది. రాష్ట్ర ఖజానాతో నడిచే యూనివర్సిటీకి సారథిని ఎంచడంలో రాష్ట్రానికి పాత్ర లేకుండా చేయడం తప్పని ఈ పత్రిక అభిప్రాయం కూడా. కానీ ఢిల్లీ నుంచి నామినేట్ చేస్తే పెత్తనమైనది, హైదరాబాద్ నుంచో అమరావతి నుంచో నామినేట్ చేస్తే స్వయంప్రతిపత్తి ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా స్వయంప్రతిపత్తి గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

చట్టం ఏం చెబుతోందో ఒక్కసారి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో వచ్చిన యూనివర్సిటీల చట్టమే ఇప్పటికీ ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీవేంకటేశ్వర వంటి వర్సిటీలకు ఆధారం. తెలంగాణ వచ్చాక కొత్త ప్రభుత్వం దాన్నే తనకు వర్తింపజేసుకుంది. దాని ప్రకారం పాలకమండలిలో రెండు రకాల సభ్యులు. ఒకరు హోదా రీత్యా వచ్చేవారు: ఉపకులపతి, ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు, ఉన్నతాధికారులు. రెండోవారు ప్రభుత్వం నామినేట్ చేసేవారు: అధ్యాపకులు, ప్రిన్సిపాళ్లు, వివిధ రంగాల ప్రముఖులు. అధ్యాపకుల ప్రతినిధిగా వచ్చే వ్యక్తికి తోటి అధ్యాపకుల ఓటు అక్కర్లేదు, సచివాలయం ఆమోదం చాలు. ఇక 'ప్రముఖులు' అన్న గడిలోకి ఎవరినైనా తోయొచ్చు. జీవో వస్తుంది. పేరు, ఊరు, ఏ కోటా అన్నది ఉంటుంది. ఆయన ఏం చదివారో, ఉన్నత విద్యకు ఏం చేశారో, ఎంతమందిని పరిశీలించి ఈయన్నే ఎందుకు ఎంచారో అందులో ఉండదు. మర్నాడు క్యాంపస్ గేటు ముందు అభినందనల ఫ్లెక్సీ లేస్తుంది. ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ పెద్దదిగా ఉందో చూస్తే పదవి ఎవరి చలవో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరకు వద్దాం. మన చట్టం ప్రకారం ఉపకులపతిని వెతికే సెర్చ్ కమిటీలో ముగ్గురుంటారు: ప్రభుత్వ ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, పాలకమండలి ప్రతినిధి. చూడ్డానికి ముచ్చటైన సమతూకం. కానీ పాలకమండలిని ప్రభుత్వమే వేసినప్పుడు, ఆ మండలి పంపే మనిషి ఎవరి మనిషి? ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వైపే. మండలి గడువు తీరి, కొత్తది వేయకుండా నాన్చితే మరీ సులువు. మిగిలేది అధికారులే కాబట్టి అడ్డు చెప్పే గొంతే ఉండదు. యూజీసీ ముసాయిదా యథాతథంగా అమల్లోకి వస్తే ఈ బెడద ఇంకా పెరుగుతుంది. సెర్చ్ కమిటీలో నేరుగా చోటు పోగొట్టుకున్న రాష్ట్ర ప్రభుత్వానికి మిగిలే ఏకైక దారి పాలకమండలి ప్రతినిధి. అప్పుడు ఆ మండలిలో ప్రతి కుర్చీ మీద ఇప్పటికంటే గట్టి పట్టు బిగుస్తుంది. ఢిల్లీ పెత్తనాన్ని ఆపుతున్నామన్న పేరుతోనే ఆ పని జరుగుతుంది. ఇప్పుడే అడ్డుకోకపోతే రేపు అడ్డుకోవడానికి క్యాంపస్‌లో ఎవరూ మిగలరు.

ఈ రోగం కొత్తదేం కాదు. 1960లలో ఉస్మానియా ఉపకులపతి డి.ఎస్.రెడ్డికి, రాష్ట్ర ప్రభుత్వానికి మధ్య జరిగిన పోరు పాత తరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆయన్ని దించడానికి ప్రభుత్వం ఏకంగా చట్టాన్నే సవరించింది. పదవిలో ఉన్న ఉపకులపతి కొత్తవారు రాగానే దిగిపోవాలంటూ 13-ఏ సెక్షన్ చేర్చింది. విద్యార్థులు రోడ్డెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒక్క మనిషిని ఉద్దేశించి చేసిన ఆ సెక్షన్ సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ 1967లో కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు నుంచి మన పాలకులు నేర్చుకున్నదేమిటో చెప్పడానికి బాధగా ఉంది. చట్టం మార్చి ఒకరిని దించడం కష్టమని గ్రహించారు. మొదటి నుంచీ తమవారినే కూర్చోబెట్టడం మొదలుపెట్టారు.

పాలకమండలి సరిగా లేకపోతే ఏమవుతుందో 2023లో తెలంగాణ యూనివర్సిటీ చూపించింది. ఉపకులపతికి, పాలకమండలికి పడలేదు. మండలి ఒకరిని రిజిస్ట్రార్ అంది, ఉపకులపతి మరొకరిని అన్నారు. ఏ సంతకం చెల్లుతుందో, ఏది చెల్లదో తేలక సిబ్బంది నలిగిపోయారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో క్యాంపస్ ఉంటే, దాని తలరాత రాసే సమావేశాలు హైదరాబాద్‌లో జరిగాయి. చివరికి ఆ ఏడాది జూన్‌లో ఉపకులపతిని ఏసీబీ అరెస్టు చేసింది. తప్పు ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. మేము అడుగుతున్నది వేరే. అంత రచ్చ అయ్యేదాకా ఆ క్యాంపస్‌లోని అధ్యాపకులు, విద్యార్థుల తరఫున మండలిలో లేచి మాట్లాడే, వారికి జవాబుదారీ అయిన ఒక్క మనిషైనా ఉన్నారా? లేరు. ఎందుకంటే వారు ఎన్నుకున్నవారు అక్కడ ఎవరూ లేరు. ప్రభుత్వం పంపిన మండలి, ప్రభుత్వం పంపిన వీసీ కొట్టుకుంటుంటే క్యాంపస్ ప్రేక్షకపాత్రకు పరిమితమైంది.

2024లో తెలంగాణలో ఉపకులపతుల గడువు మేలో ముగిస్తే, కొత్తవారిని వేసేసరికి అక్టోబరు వచ్చింది. మధ్యలో ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జులు. సొంత శాఖ పనులకే టైం చాలనివారికి వర్సిటీల ఫైళ్లు అదనం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే ఉపకులపతులు వరుసగా రాజీనామాలు చేశారు. బెదిరించి చేయించారని ఒక పక్షం, తమంతట తామే వెళ్లారని మరో పక్షం వాదించుకున్నాయి. ఏది నిజమైనా, ప్రభుత్వం మారితే వర్సిటీ పెద్దలు మారాల్సిందేనని అందరూ ఒప్పేసుకున్నట్టయింది కదా! కలెక్టర్ల బదిలీలతో సమానమైపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. దాని మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో పదవి వదులుకున్నారు. ప్రభుత్వం మారినందుకు కాదు. స్వాతంత్ర్యోద్యమంపై బ్రిటిష్ సర్కారు సాగించిన అణచివేతకు నిరసనగా. నూరేళ్ల వేడుకల్లో ఆయన ఫొటోకు పూలమాల వేసినవారు ఆ రాజీనామాకు, 2024 నాటి రాజీనామాలకు ఉన్న తేడా గురించి ఆలోచించాలి.

ప్రభుత్వం డబ్బిస్తున్నప్పుడు ప్రభుత్వ ప్రతినిధులు ఉండరా అనేవారున్నారు. ఎన్నికలు పెడితే కులాల కుమ్ములాటలు, పార్టీల జెండాలు క్యాంపస్‌లోకి వస్తాయని భయపడేవారూ ఉన్నారు. మొదటివారికి జవాబు: కార్యదర్శులు హోదా రీత్యా ఎలాగూ మండలిలో ఉన్నారు. ఆర్థిక శాఖ కుర్చీని తీసేయమని ఎవరూ అడగలేదు. రెండోవారు ఒకసారి క్యాంపస్‌లోకి వెళ్లి చూడాలి. జెండాలు రాలేదా? కులాల లెక్కలు లేవా? అన్నీ ఉన్నాయి. లేనిది ఓటు మాత్రమే.

చండీగఢ్‌లో ఏం జరిగిందో మన పాలకులు, మన అధ్యాపక సంఘాలు కూడా గమనించాలి. 2025 అక్టోబరు చివర్లో పంజాబ్ యూనివర్సిటీ అత్యున్నత పాలక సభ అయిన సెనేట్‌ను 31 మందికి కుదిస్తూ, పట్టభద్రులు ఓటేసి సభ్యులను పంపే నియోజకవర్గాన్ని ఎత్తేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. క్యాంపస్ అట్టుడికింది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు, రైతు సంఘాలు కదిలాయి. నవంబరు మొదటి వారంలోనే కేంద్రం వెనక్కి తగ్గింది. అయినా ఆందోళన ఆగలేదు, సెనేట్ ఎన్నికల తేదీలు చెప్పేదాకా కదిలేది లేదన్నారు. ఒక ఓటు కోసం అంత పట్టుదల! మన దగ్గర పాలకమండలిలో ఓటన్నదే లేకుండా ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఒక్క ధర్నా గుర్తుందా? ఢిల్లీ యూనివర్సిటీ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో అధ్యాపకులు ఓటేసి పంపిన ఇద్దరు కూర్చుంటారు. నచ్చని తీర్మానం మీద అసమ్మతి రాసి మరీ బయటికొచ్చి చెబుతారు. కేరళ వర్సిటీల సెనేట్లలో విద్యార్థుల ప్రతినిధులు కూడా ఎన్నికై వస్తారు. అక్కడ ఆకాశం విరిగి పడలేదు. మన పాలకమండలిలో మాత్రం ముఖ్యమైన అంశం చాలాసార్లు టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు ముందుకొస్తుంది. చదివే వ్యవధి ఉండదు. తలలు ఊపి, భోజనం చేసి, టీఏ బిల్లు మీద సంతకం పెట్టి వెళ్తారు. ఏం తీర్మానించారో విద్యార్థికి తెలిసేది ఫీజు పెరిగినప్పుడే.

గురివింద గింజ తన కింద నలుపెరగదని పెద్దలు ఊరికే అనలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు యూనివర్సిటీలను రాజకీయ పునరావాస కేంద్రాలుగా మార్చారని ఊరూరా తిట్టినవారే, అధికారంలోకి రాగానే అదే జాబితాలో పేర్లు మాత్రం మారుస్తారు. గత ప్రభుత్వం చేయలేదా అన్నది వారి ఏకైక సమర్థన. గతంలో వారు చేశారని వీరు, వీరు చేశారని రేపు వచ్చేవారు! ఒకరి తప్పు ఇంకొకరికి ఆనవాయితీ అవుతూ పోతే దీనికి అంతెక్కడ? ఢిల్లీ కూడా రేపు ఇదే మాట అంటుంది. మీ మండళ్లను మీరు నింపుకోలేదా, మేమూ నింపుకుంటామంటుంది. ఆ రోజు చెప్పడానికి మన దగ్గర జవాబుండదు.

చేయాల్సిన పని బ్రహ్మవిద్యేం కాదు. 1991 చట్టానికి ఒక సవరణ చాలు. అధ్యాపకుల ప్రతినిధులను అధ్యాపకులే రహస్య ఓటింగ్‌లో ఎన్నుకోవాలి. ప్రముఖుల కోటాకు బహిరంగ ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, ఎంపికైనవారి అర్హతలు, ఎంపికకు కారణాలు జీవోలోనే రాయాలి. పార్టీ పదవిలో ఉన్నవారిని, అనుబంధ కాలేజీల్లో వాటాలున్నవారిని దూరం పెట్టాలి. తన కాలేజీ గుర్తింపు ఫైలు మీద తానే కూర్చుని తీర్పు చెప్పే దౌర్భాగ్యం ఇంకెక్కడుంటుంది? ప్రభుత్వం మారినా మండలి గడువు మారకూడదు. సమావేశాలు క్యాంపస్‌లోనే జరగాలి, తీర్మానాలు వారంలోగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇందులో ఏ ఒక్కదానికీ ఢిల్లీ నిబంధనలు మారనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. చేసే మనసుంటే వచ్చే శాసనసభ సమావేశాల్లోనే బిల్లు పెట్టొచ్చు.

అధ్యాపక సంఘాలకూ ఒక మాట. నామినేషన్ జాబితాలో తమ వర్గం పేరు ఉందా లేదా అని చూసుకుని, ఉంటే శాలువాలు, లేకపోతే ప్రకటనలు ఇవ్వడం ఉద్యమం అనిపించుకోదు. ఓటు అడగండి. తరగతి గదిలో ప్రజాస్వామ్యం పాఠం చెప్పేవారికి తమ సంస్థలో అది అడగడానికి మొహమాటమెందుకు?

ఇక ముఖ్యమంత్రులిద్దరికీ మేము చెప్పేది సూటిగానే ఉంది. ముందు మీరు వేసిన, వేయబోయే పాలకమండళ్ల జాబితాలు జనం ముందు పెట్టండి. ఒక్కో పేరు పక్కన ఆ మనిషిని ఎందుకు ఎంచారో రాయండి. రాయడానికి చెయ్యి రాని పేర్లు కొట్టేయండి. ఆ పని చేసేదాకా వర్సిటీల స్వయంప్రతిపత్తి గురించి వేదికలెక్కి ఉపన్యాసాలు ఇవ్వడం ఆపండి.